గాడి – గాడీ: హైదరాబాదు రహదారి చరిత్రలో వెడల్పు టైర్ల ‘గాడిపట్టు’ సమస్య – పరిశీలన

వ్యాససంగ్రహం:
వెడల్పైన టైర్లున్న వేగవంతమైన కార్లు రోడ్డు మీది నిలువు గాడులను అనుసరించి, చోదకుని ప్రమేయం లేకుండానే ఒకసారి ఎడమకు, మరొకసారి కుడికి మళ్ళుతాయి. ఇంగ్లీషులో దీనిని ట్రామ్‌లైనింగ్ అంటారు. సాధారణంగా ఇది కారు లోపంగానో, చోదకుని అనుభవలేమిగానో పరిగణింపబడుతున్నది. చక్రానికీ బాటకూ మధ్య గల సంబంధం ఎడ్లబండి కాలం నుంచి నేటి వరకు ఎలా మారుతూ వచ్చిందో చూస్తే, ఈ సమస్య ఒక్క కారుకే చెందినది కాదని తెలుస్తుంది. హైదరాబాదు నగరంలోని నాంపల్లి, ఆబిడ్స్, హిమాయత్‌నగర్ ప్రాంతాల నేపథ్యంలో ఈ చరిత్రను పరిశీలించడం, సమస్య తీవ్రతను తగ్గించే మార్గాలను వివరించడం, దానికి తగిన తెలుగు పదాన్ని సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: గాడి, చక్రం, రహదారి చరిత్ర, హైదరాబాదు, ట్రాము, వెడల్పు టైరు, వృత్తిపదజాలం.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదు వీధుల్లో వినిపించే రెండు మాటల మధ్య తేడా ఒక్క దీర్ఘం మాత్రమే. తెలుగులో ‘గాడి’ అంటే చక్రం నడిచి ఏర్పడిన పల్లపు చార. దక్కనీ ఉర్దూలో ‘గాడీ’ అంటే బండి. ఆబిడ్స్ కూడలిలో నిలుచున్న వ్యక్తికి ఈ రెండు మాటలూ ఒకే రోజున, ఒకే నోట వినిపించే అవకాశం ఉంది. ఈ రెండింటికీ వ్యుత్పత్తి సంబంధాన్ని అంటగట్టవలసిన పని లేదు. కాని అవి సూచించే వస్తువులకు మాత్రం విడదీయరాని సంబంధం ఉంది. బండి నడిస్తేనే గాడి ఏర్పడుతుంది. ఏర్పడిన గాడి ఆ తర్వాత వచ్చే బండి నడకను శాసిస్తుంది.

రవాణా చరిత్ర రచనలో వాహనానికి ఒక అధ్యాయం, రహదారికి మరొక అధ్యాయం కేటాయించడం పరిపాటి. రాజులు కొన్న కార్లు, ప్రభుత్వాలు వేసిన రోడ్లు వేరువేరుగా వర్ణింపబడతాయి. అయితే చక్రం బాటను తాకే చోటు, అనగా అరచేతి కన్న కొంచెం పెద్దదైన ఆ స్పర్శస్థలం, ఈ రెండు అధ్యాయాలలో దేనిలోనూ కనిపించదు. వాహనం అదుపు, ప్రయాణికుని ప్రాణభద్రత ఆధారపడేది మాత్రం ఆ స్థలం మీదనే. ఈ వ్యాసం అక్కడి నుంచే మొదలవుతుంది.

2. నుడికారంలో గాడి

తెలుగు నుడికారంలో గాడి మంచికి గుర్తు. చెదిరిన సంసారం ‘గాడిలో పడుతుంది’. అస్తవ్యస్తమైన పాలనను సమర్థుడైన అధికారి ‘గాడిలో పెడతాడు’. కుర్రవాడు చెడు సావాసాలు పట్టినప్పుడు ‘గాడి తప్పాడు’ అంటారు. ఈ మూడు ప్రయోగాలలోనూ గాడిలో ఉండడం క్షేమం, గాడి తప్పడం ప్రమాదం.

ఈ భావన వెనుక ఉన్నది ఎడ్లబండి అనుభవం. కొయ్య చక్రం, దాని చుట్టూ బిగించిన ఇనుప పట్టా, రెండు చక్రాలను కలిపే కదలని ఇరుసు కలిగిన బండిలో చక్రాన్ని తిప్పే ఏర్పాటు ఉండదు. దారి మళ్ళించేది కాడి కింది ఎద్దులే. ఒక ప్రాంతపు వడ్రంగులు బండ్లను ఇంచుమించు ఒకే కొలతతో చేసినప్పుడు ఒక బండి వేసిన గాడిలో మరొక బండి చక్రాలు చక్కగా ఇమిడేవి. రాత్రివేళ బండివాడు కునుకు తీసినా ఎద్దులూ గాడీ కలిసి బండిని ఊరు చేర్చేవి. గాడి తప్పిన బండి పొలం గట్టు మీదికో, మురుగు గుంటలోకో పోయేది. కనుక గాడిని అనుసరించడం అలనాటి బండికి సహజధర్మం.

నేటి కారు విషయంలో ఈ నుడికారం తలకిందులైంది. స్టీరింగ్ తిప్పి దారి నిర్ణయించుకోవలసిన వాహనం గాడిలో పడడమే ప్రమాదం. ఈ తలకిందులు కావడం ఒక్కరోజులో జరగలేదు. దానికి దాదాపు మూడు శతాబ్దాల నేపథ్యం ఉంది.

3. బండ్లబాటలు: గోల్కొండ నుంచి మచిలీపట్నం దాకా

17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యంలో పర్యటించిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే ఇక్కడి ప్రయాణ సాధనాలను గురించి వివరంగా రాశాడు. గోల్కొండకూ మచిలీపట్నానికీ నడుమ కొండలు, చెరువులు, నదులు అడ్డుపడడం వలన బండ్ల రాకపోకలు దాదాపు లేవని, తాను తీసుకువెళ్ళిన చిన్న బండిని కష్టమైన చోట్ల విడదీసి దాటించవలసి వచ్చిందని ఆయన రాతల వలన తెలుస్తున్నది. సరుకు రవాణాలో పెద్దపాత్ర పెరికె ఎద్దులది, వాటిని తోలే బంజారాలది. అంటే చక్రం లేక గాడి లేదు, గాడి లేక చక్రానికి దారి లేదు అన్న స్థితి ఆనాటిది.

అదే కాలానికి కొంచెం తరువాత ఇంగ్లండులో సమస్య ఇందుకు భిన్నమైనది. అక్కడ బరువు బండ్ల సన్నని చక్రాలు మట్టి రోడ్లను లోతుగా కోసివేయసాగాయి. 1753లో బ్రిటిష్ పార్లమెంటు వెడల్పు చక్రాల చట్టాన్ని చేసింది. తొమ్మిది అంగుళాల వెడల్పున్న చక్రాలతో నడిచే బండ్లకు సుంకంలో రాయితీ కల్పించింది. వెడల్పు చక్రం గాడిని కోయదు, పైగా రోడ్డును రోలరులా చదును చేస్తుందన్నది ఆనాటి ఆలోచన. ఈ వాస్తవం ప్రస్తుత చర్చకు ముఖ్యమైనది. గాడికి విరుగుడుగా ప్రవేశించిన వెడల్పు, నేడు గాడికి లొంగిపోయే లక్షణంగా మారింది. వస్తువు అదే, బాట మారింది, వేగం మారింది.

భారతదేశంలో ఇనుప పట్టా బండ్లు కంకర రోడ్లను పాడుచేయడం 20వ శతాబ్దమంతా ఇంజనీర్లను వేధించింది. జయకర్ కమిటీ సిఫార్సుల ఫలితంగా 1934లో ఏర్పడిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఎదుర్కొన్న మొదటి సమస్యలలో ఒకే రోడ్డు మీద ఎడ్లబండి, మోటారు వాహనం కలిసి నడవడం ఒకటి. 1970లలో ఎన్.ఎస్. రామస్వామి వంటివారు ఎడ్లబండికి గాలి టైర్లు అమర్చాలని చేసిన ప్రయత్నాలకు పశువుల శ్రమ తగ్గించడంతో పాటు బాటను కాపాడడం కూడా ఒక ప్రయోజనం.

4. నాంపల్లి, ఆబిడ్స్, హిమాయత్‌నగర్: బాట మారిన తీరు

హైదరాబాదులో ఆధునిక రవాణాకు తొలి గుర్తు రైలు పట్టా. 1874లో వాడి – సికింద్రాబాదు రైలుమార్గం మొదలైంది. 1907లో నాంపల్లి స్టేషను ఏర్పడింది. రైలు చక్రానికి అంచు ఉంటుంది, పట్టా దానిని పట్టి ఉంచుతుంది. గాడిని అనుసరించడమనే పాత ధర్మాన్ని రైలు ఇనుముతో శాశ్వతం చేసింది. నాంపల్లిలో రైలు దిగిన ప్రయాణికుడు జట్కానో టాంగానో ఎక్కగానే మరొక ధర్మంలోకి ప్రవేశించేవాడు. అక్కడ గాడి ఉంటే కుదుపు, లేకపోతే సుఖం.

1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద నగర స్వరూపాన్ని మార్చింది. వరద నివారణకు, మురుగునీటి వ్యవస్థకు మోక్షగుండం విశ్వేశ్వరయ్య ప్రణాళికలు రచించారు. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. ఇరుకు వీధులను వెడల్పు చేయడం ఆ సంస్థ ప్రధాన కార్యక్రమాలలో ఒకటి. 1930లలో మొజంజాహీ మార్కెటు వెలసింది. ప్రధాన వీధులలో సిమెంటు కాంక్రీటు పరచడం కూడా ఆ కాలపు పనే. నిజాం రాజ్యంలోని షాబాదులోనే సిమెంటు కర్మాగారం ఉండడం ఇక్కడ గుర్తుంచుకోదగినది.

సిమెంటు బాట గాడి చరిత్రలో ఒక మలుపు. ఎండకు అది మెత్తబడదు, బండి చక్రానికి లొంగదు. అయితే పలకలు పలకలుగా వేయవలసి ఉండడం వలన వాటి నడుమ అతుకులు తప్పవు. బాట పొడవునా సాగే అతుకు వద్ద రెండు పలకలు ఎత్తుపల్లాలైతే అక్కడ కొత్తరకం గాడి పుడుతుంది. అది చక్రం కోసిన గాడి కాదు, నిర్మాణంలోనే ఉన్న గాడి.

ఈ వీధులలో తిరిగిన వాహనాలను కూడా చూడవలసి ఉంది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కోసం తలపెట్టిన రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారు, 1911లో ఆయన మరణించిన కారణంగా ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ హయాంలో నగరానికి చేరింది. ‘సింహాసన కారు’గా పేరొందిన ఆ వాహనం నేడు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. దాని చక్రాలు ఎత్తైనవి, టైర్లు సన్ననివి. చూపునకు అవి గుర్రపు బగ్గీ చక్రాలకు దగ్గరి బంధువులు. ఏడవ నిజాం నివసించిన కింగ్‌కోఠీకి ఆనుకొని ఉన్న పేట ఆయన పెద్ద కుమారుడు ఆజంజాహ్ అసలు పేరైన హిమాయత్ అలీఖాన్ మీదుగా హిమాయత్‌నగర్ అయింది. ఆరవ నిజాం కొలువులో ఉండి దుకాణం నడిపిన ఆబిద్ పేరు ఆబిడ్స్‌కు నిలిచింది. ఒకటి రాచకుటుంబపు పేరు, ఒకటి వర్తకుని పేరు. రెండు చోట్లకూ కారు ముందుగా చేరడానికి కారణం కూడా ఇక్కడే ఉంది.

1932లో నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా విభాగాన్ని ఆరంభించి 27 బస్సులను నడిపింది. అప్పటినుంచి నగర రహదారి మీద బరువైన వాహనం నిత్యం ఒకే వరుసలో నడవసాగింది. నేటి గాడులకు బీజం అక్కడ పడింది.

5. ట్రాము పట్టా: సమస్యకు పేరు ఎక్కడిది?

ఆబిడ్స్‌లో గాని హిమాయత్‌నగర్‌లో గాని విద్యుత్తు ట్రాములు నడిచిన చరిత్ర లేదు. తెలుగువారు ట్రామును చూసింది మదరాసులో. తెలుగు పత్రికలకు, ముద్రణాలయాలకు నెలవైన ఆ నగరంలో 1895లో విద్యుత్తు ట్రాములు మొదలై 1953 ఏప్రిల్ వరకు నడిచాయి.

ట్రాము పట్టా రైలు పట్టాలా రోడ్డు పైకి లేచి ఉండదు. రోడ్డుతో సమానంగా ఉండి, చక్రపు అంచు దిగడానికి సన్నని గాడి కలిగి ఉంటుంది. అదే రోడ్డు మీద సైకిలు నడిపేవారికి ఆ గాడి ప్రాణసంకటం. ముందు చక్రం అందులో దిగితే హ్యాండిల్ తిరగదు, సైకిలు తిరగకపోతే మనిషి పడిపోతాడు. అడ్డంగా దాటినప్పుడు హాని లేదు. పట్టాకు దాదాపు సమాంతరంగా, చిన్న కోణంలో దాటబోయినప్పుడే చక్రం చిక్కుకుంటుంది. ఈ సూత్రం తరువాతి చర్చకు ఆధారం.

కారు టైరు ట్రాము గాడిలో దిగేంత సన్ననిది కాదు. అయినప్పటికీ గాడి వెంట కారు తనంత తానుగా సాగుతున్నట్లు అనిపించే స్థితిని సూచించడానికి ఇంగ్లీషులో ట్రాము పట్టా మాటనే వాడుకున్నారు. ట్రాములు పోయిన నగరాలలోనూ, ట్రాములు ఎన్నడూ లేని నగరాలలోనూ ఆ మాట నిలిచింది.

6. వెడల్పు టైరు స్వభావం

హిందుస్తాన్ అంబాసిడర్ కారు టైరు వెడల్పు అంగుళాల లెక్కలో 5.90. మారుతి 800 రేడియల్ టైరు 145 మి.మీ. నేటి శక్తిమంతమైన కార్ల టైర్లు 245 నుంచి 285 మి.మీ. వరకు ఉంటాయి. వాటి పక్కగోడ ఎత్తు వెడల్పులో 30 నుంచి 40 శాతమే. ఈ మార్పునకు కారణాలు సహేతుకమైనవే. వెడల్పు టైరు మలుపులో పట్టు ఇస్తుంది. పొట్టి పక్కగోడ స్టీరింగ్ ఆజ్ఞను ఆలస్యం లేకుండా చక్రానికి అందిస్తుంది. అయితే ఆజ్ఞ రెండు వైపులా ప్రయాణిస్తుంది. చోదకుని చేతి కదలిక బాటకు ఎంత త్వరగా చేరుతుందో, బాట మీది హెచ్చుతగ్గు చోదకుని చేతికి అంతే త్వరగా చేరుతుంది.

గాడి వాలు మీద నడిచే టైరులో జరిగేది స్థూలంగా ఇది. సమతలం మీద టైరు మీది బరువు స్పర్శస్థలం మధ్యలో కేంద్రీకృతమై ఉంటుంది. టైరు ఒక అంచు గాడి గట్టు మీదికి ఎక్కినప్పుడు బరువు ఆ అంచు వైపు జరుగుతుంది. స్టీరింగ్ తిరిగే అక్షానికీ, బరువు పడే బిందువుకూ నడుమ దూరం మారుతుంది. ఆ దూరమే ఒక మీట. రోడ్డు టైరు మీద చూపే బలం ఆ మీటను తిప్పుతుంది. సన్నని టైరులో బరువు ఎంత జరిగినా కొద్ది సెంటీమీటర్లే జరగగలదు. వెడల్పు టైరులో జరిగే చోటు ఎక్కువ, కనుక మీట పొడవు ఎక్కువ, స్టీరింగ్ మీద మెలిక ఎక్కువ. ఆ మెలిక ఏ దిశలో ఉంటుందన్నది గాడి వాలు, టైరు నిర్మాణం, స్టీరింగ్ జ్యామితి అనే మూడింటిని అనుసరించి క్షణక్షణం మారుతుంది.

టైరు లోపలి నిర్మాణానికి కూడా ఇందులో పాత్ర ఉంది. పాతకాలపు అడ్డుపోగుల టైరు వాలు మీద ఒరిగినప్పుడు గట్టు ఎక్కి బయటపడే బలాన్ని తనలోనే పుట్టించుకునేది. 1940ల చివర మిషెలిన్ సంస్థ ప్రవేశపెట్టిన రేడియల్ టైరులో ఆ బలం తక్కువ. మన్నికలోను, ఇంధనం పొదుపులోను, వేగంలో నిలకడలోను రేడియల్ ఎంతో మేలైనది. అయినా లోతైన గాడి నుంచి పైకి ఎక్కే విషయంలో పాత టైరుదే పైచేయి. ప్రతి మెరుగుదల వెంట ఒక చిన్న నష్టం ఉంటుందనడానికి ఇది నిదర్శనం.

7. నేటి నగరంలో గాడి పుట్టుక

తారు రోడ్డు మీద గాడి మూడు విధాలుగా ఏర్పడుతుంది.

మొదటిది బరువు, వేడి కలిసి చేసేది. వేసవిలో గాలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటిన రోజున తారు ఉపరితలం 60 డిగ్రీలకు చేరగలదు. ఆ మెత్తదనంలో బస్సులు, లారీలు ఒకే వరుసలో నడిచినప్పుడు, ముఖ్యంగా సిగ్నళ్ళ వద్ద, బస్టాపుల వద్ద ఆగి కదిలినప్పుడు, చక్రం కింది తారు పక్కలకు ఒత్తుకుపోయి నడుమ పల్లం, అంచున గట్టు ఏర్పడతాయి. 1958–60 మధ్య అమెరికాలోని ఇల్లినాయ్‌లో జరిగిన రోడ్డు పరీక్ష ఇరుసు మీది బరువు రెట్టింపైతే రోడ్డుకు నష్టం సుమారు 16 రెట్లు అవుతుందని తేల్చింది. కనుక గాడి వేసేది కార్లు కావు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిర్దేశాలలో 20 మి.మీ. గాడి లోతును తారు రోడ్డు ఆయువు తీరినదనడానికి ప్రమాణంగా తీసుకున్నారు.

రెండవది తవ్వకం వలన ఏర్పడేది. మంచినీటి గొట్టం, మురుగు కాలువ, విద్యుత్తు తీగ, సమాచార తీగల కోసం బాట పొడవునా తవ్వి పూడ్చిన చోట మట్టి క్రమంగా కుంగి, మూరెడు వెడల్పు చార మిగులుతుంది. హైదరాబాదు వంటి పాత నగరాలలో ఇదే ప్రధానమైన గాడి. మూడవది పైపొర చెక్కి కొత్త తారు వేయబోయే ముందు యంత్రం మిగిల్చే సన్నని గీతలు. ఇవి తాత్కాలికమైనవే గాని వెడల్పు టైరుకు వెంటనే తెలుస్తాయి. వాననీటి మీద టైరు తేలిపోకుండా కాలిఫోర్నియా సిమెంటు రహదారుల మీద 1960ల నుంచి కావాలనే కోస్తున్న నిలువు గీతలు కూడా ఇటువంటి అనుభవాన్నే ఇస్తాయి. అక్కడ స్థిరపడిన తెలుగువారికి ఇది పరిచితమైన విషయం.

ఇక్కడ ఎడ్లబండితో పోల్చదగిన ఒక కీలకాంశం ఉంది. బండ్ల చక్రాల నడుమ దూరం ఇంచుమించు సమానం కాబట్టి గాడి అందరికీ సరిపోయేది. నేడు బస్సు చక్రాల నడుమ దూరం దాదాపు రెండు మీటర్లు, కారుది దాదాపు ఒకటిన్నర మీటరు. బస్సు వేసిన రెండు గాడులలో కారు రెండు చక్రాలూ ఒకేసారి ఇమడవు. ఒక చక్రం గాడి అడుగున ఉంటే రెండవది గట్టు వాలు మీద ఉంటుంది. వేరొకరి కొలతకు ఏర్పడిన బాటలో నడవవలసి రావడమే నేటి సమస్యకు మూలం. వానాకాలంలో గాడిలో నిలిచిన నీటి మీద వెడల్పు టైరు తేలిపోయే ప్రమాదం దీనికి అదనం.

8. తీవ్రతను తగ్గించే మార్గాలు

హైదరాబాదు మెకానిక్కుల వద్ద వినవచ్చే ఫిర్యాదు ‘స్టీరింగ్ గుంజుతోంది’ అన్నది. ఈ ఒక్క మాట కింద రెండు వేరు సమస్యలు కలిసిపోతున్నాయి. నున్నని రోడ్డు మీద కూడా కారు ఎప్పుడూ ఒకే పక్కకు లాగుతుంటే అది వీల్ అలైన్‌మెంట్, గాలి, బ్రేకు లేదా టైరు లోపం. రోడ్డు మారినప్పుడల్లా లాగే దిశ మారుతూ, నున్నని రోడ్డు మీద పూర్తిగా ఆగిపోతే అది గాడి ప్రభావం. ఈ భేదం గుర్తించకుండా పదే పదే అలైన్‌మెంట్ చేయించడం వలన ధనవ్యయమే తప్ప ఫలితం ఉండదు.

గాడి ప్రభావమని తేలిన తరువాత పాటించవలసిన క్రమం ఇది. మొదట గాలి. కారు తయారీదారు సూచించిన పీడనం చోదకుని తలుపు చట్రం మీది చీటీలో ఉంటుంది. టైరు చల్లగా ఉన్నప్పుడు కొలిచి అంతే ఉంచాలి. ఎక్కువ గాలి టైరును మరింత బిగుసుకునేలా చేస్తుంది, తక్కువ గాలి వేడిని, అరుగుదలను పెంచుతుంది. రెండవది అరిగిన భాగాలు. బుష్‌లు, బాల్ జాయింట్లు, టై రాడ్ చివరలు వదులైతే గాడి ఇచ్చే చిన్న మెలిక కూడా పెద్ద కదలికగా మారుతుంది. ఇవి సరిచేయకుండా అలైన్‌మెంట్ చేయడం పునాది లేని గోడ కట్టడం వంటిది.

మూడవది చక్రాల కోణాలు. ముందు చక్రాల కొనలు బయటికి విచ్చుకొని ఉంటే కారు చంచలమవుతుంది. తయారీదారు అనుమతించిన పరిధిలో స్వల్పంగా లోపలికి మొగ్గి ఉంటే నిలకడ పెరుగుతుంది. పందేలకోసం చక్రం పైభాగాన్ని లోపలికి ఎక్కువగా వంచిన కార్లలో లోపలి అంచు మీదే బరువు పడి గాడి ప్రభావం హెచ్చుతుంది. స్టీరింగ్ అక్షం వెనుకకు ఒరిగిన కోణం తగినంత ఉంటే చక్రం తనంత తానుగా నేరుగా వచ్చే గుణం బలపడుతుంది.

నాలుగవది, అన్నిటికన్న ఫలితాన్నిచ్చేది, టైరు ఎంపిక. అందం కోసం అసలు కొలత కన్న వెడల్పైన టైర్లు, పెద్ద రిమ్ములు, వాటిని బయటికి నెట్టే స్పేసర్లు బిగించడం నగరంలో తరచు కనిపించే అలవాటు. స్పేసరు వలన స్పర్శస్థలం స్టీరింగ్ అక్షానికి దూరమవుతుంది, అనగా ఇంతకుముందు చెప్పిన మీట శాశ్వతంగా పొడవవుతుంది. కారుతో వచ్చిన కొలతకు, రిమ్ము స్థానానికి తిరిగి రావడం వలన సమస్యలో అధికభాగం తగ్గుతుంది. వెడల్పు టైరుతోనే వచ్చిన కారుకు తయారీదారు అనుమతించిన కొలతల్లో సన్ననిది, పక్కగోడ ఎత్తైనది ఎంచుకోవచ్చు. అంచులు హెచ్చుతగ్గులుగా అరిగిన టైరును మార్చక తప్పదు.

అయిదవది నడిపే తీరు. స్టీరింగ్‌ను బిగబట్టి ప్రతి కదలికనూ ఎదిరించే చోదకుడు తన చేతులతోనే కారును ఊగిసలాడిస్తాడు. రెండు చేతులతో నిలకడగా, బిగువు లేకుండా పట్టుకొని వేగం తగ్గించాలి. తన వరుసలోనే గాడులకు కొంచెం పక్కగా నడపాలి. గాడిని దాటవలసివస్తే సైకిలువాడు ట్రాము పట్టాను దాటినట్లు, సమాంతరంగా జారకుండా స్పష్టమైన కోణంలో దాటాలి.

ఇవన్నీ కారు యజమాని చేయగలవి. బాట వైపు చేయవలసినవి వేరు. తవ్వి పూడ్చిన చారను పొరలు పొరలుగా గట్టిపరచడం, వేడికి తట్టుకునే గట్టి తారును ఎంచుకోవడం, బస్సులు ఆగే చోట్ల కాంక్రీటు పరచడం, చెక్కిన రోడ్డు మీద ఆలస్యం లేకుండా కొత్తపొర వేయడం అందులో ముఖ్యమైనవి. ఖరీదైన కారులో నలుగు చక్రాల మీద ఉన్నవానికి గాడి అసౌకర్యం. రెండు చక్రాల మీద ఉన్నవానికి అదే గాడి మరణకారణం కాగలదు. వెడల్పు టైరు ఆ గాడిని ముందుగా గుర్తించి చెబుతున్నది. ఆ సూచనను ధనికుల విలాసపు ఫిర్యాదుగా కొట్టివేయడం రోడ్డు మీది అందరికీ నష్టం.

9. పదం అవసరం

హిమాయత్‌నగర్‌కు తెలుగు శాస్త్రపరిభాషా చరిత్రలో ప్రత్యేకస్థానం ఉంది. ఉన్నతవిద్యను తెలుగులో అందించే లక్ష్యంతో 1968లో స్థాపితమైన తెలుగు అకాడమి నెలకొన్నది ఇక్కడే. పాఠ్యగ్రంథాలతో పాటు పారిభాషిక పదకోశాలు ఆ సంస్థ కృషిలో ప్రధానభాగం. అంతకుముందే 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలను సేకరించి, వృత్తిదారుల నోటిమాట శాస్త్రపరిభాషకు ఆధారం కాగలదని నిరూపించింది.

ఆ పద్ధతిని మోటారు వృత్తికి అన్వయిస్తే ట్రామ్‌లైనింగ్ అన్న మాటకు ‘ట్రాము పట్టీకరణం’ వంటి కృతక పదం అక్కరలేదు. తెలుగు నేలలో అధికభాగం ట్రామును ఎరుగదు, గాడిని ఎరుగును. ‘గాడిపట్టు’ అన్న సమాసం బండి గాడిని పట్టడాన్ని, గాడి బండిని పట్టడాన్ని ఒకేసారి సూచిస్తుంది. ఎప్పుడూ ఒకే పక్కకు పోవడానికి ‘పక్కలాగుడు’ అన్న మాటను స్థిరపరిస్తే, ‘గుంజుతోంది’ అన్న ఒక్క ఫిర్యాదులో కలిసిపోయిన రెండు సమస్యలు విడివడతాయి. పేరు వేరైనప్పుడే చికిత్స వేరవుతుంది. వృత్తివిద్య చదివే విద్యార్థికి, అతని వద్దకు వచ్చే కారు యజమానికి ఇది ప్రయోజనకరం.

10. ముగింపు

పై పరిశీలన వలన తేలిన అంశాలు ఇవి:

1. గాడిని అనుసరించడం ఎడ్లబండికి రక్షణ, స్టీరింగ్ కలిగిన వాహనానికి ప్రమాదం. తెలుగు నుడికారం మొదటి అనుభవాన్ని భద్రపరిచింది.

2. 18వ శతాబ్దపు ఇంగ్లండులో గాడికి విరుగుడైన వెడల్పు చక్రం, వేగం పెరిగి పక్కగోడ పొట్టిదైన నేటి కాలంలో గాడికి లొంగే సాధనమైంది.

3. హైదరాబాదులో కంకర, సిమెంటు, తారు బాటలు ఒకదాని తరువాత ఒకటి వచ్చినా గాడి పోలేదు. దాని రూపం మాత్రమే మారింది.

4. గాడిని వేసేది బరువు వాహనాలు, తవ్వకాలు. దానిని చేతికి తెలిసేలా చేసేది వెడల్పు టైరు. కనుక పరిష్కారం కారుతో మొదలైనా కారుతో ముగియదు.

5. గాలి, అరిగిన భాగాలు, చక్రాల కోణాలు, టైరు కొలత, నడిపే తీరు అనే వరుసలో పరిశీలిస్తే తక్కువ ఖర్చుతో గాడిపట్టు తీవ్రతను తగ్గించవచ్చు.

6. ‘గాడిపట్టు’, ‘పక్కలాగుడు’ అన్న పదాలు వృత్తిపరిభాషలో చేరదగినవి.

చౌమహల్లాలో కదలకుండా నిలిచిన సింహాసన కారు సన్నని చక్రాలను చూసినవారు దాని బంగారు సొగసును మెచ్చుకుంటారు. ఆ చక్రాలు ఏ బాట మీద నడవడానికి తయారయ్యాయో కూడా ఆలోచిస్తే, రహదారి చరిత్రలో సగం భాగం అక్కడే కనిపిస్తుంది. మిగిలిన సగం ఆబిడ్స్ రోడ్డు మీద, నిన్న తవ్వి నేడు పూడ్చిన చారలో ఉంది.